మౌలాలి గుట్ట పాతబస్తీది

ఊరికి దూరంగా గుట్టమీదో వాగు ఒడ్డునో ఉన్న చిన్న గుడి గానీ దర్గా గానీ ఎవరిదని అడిగితే, చుట్టుపక్కల పల్లెలదని తడుముకోకుండా చెప్పేస్తాం. మౌలాలి గుట్ట విషయంలో ఆ జవాబు చాలదు. చార్మినార్‌కు ఈశాన్యాన 12 కిలోమీటర్ల పైచిలుకు దూరంలో, దాదాపు 480 మెట్లు ఎక్కితే గానీ అందని ఆ దర్గాను శతాబ్దాలుగా నిలబెట్టింది, ఏటా నగరం విడిచి అక్కడికి వెళ్లివచ్చిన జనం. మొదట గోల్కొండ జనం, ఆ తర్వాత నేడు పాతబస్తీ అంటున్న హైదరాబాద్ జనం. ఈ మాటకు పెద్ద సాక్ష్యం గుట్ట మీదే ఉంది. అక్కడ సమాధి లేదు. పేరుగాంచిన దర్గాల్లో చాలావరకు ఒక వలీ సమాధి ఉంటుంది, ఆయన కన్నుమూసిన రోజున ఉర్సు జరుగుతుంది. ఇక్కడున్నది చేతిగుర్తు ఉన్న రాయి మాత్రమే. ఇక్కడి పండుగ తేదీ, రజబ్ నెల 17, ఒక కొలువు మనిషికి కల వచ్చిన రోజు.

ఆ మనిషి పేరు యాఖూత్. తెలుగు కవులు మల్కిభరాముడని పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్ షా కొలువులో నపుంసక ఉద్యోగి. 1578లో అతనికి కలలో ఆకుపచ్చ బట్టలు కట్టిన ఒకాయన కనిపించి, మౌలా అలీ పిలుస్తున్నాడని వెంట తీసుకెళ్లాడట. గుట్టమీద హజ్రత్ అలీ ఒక రాతికి చెయ్యి ఆనించి కూర్చుని ఉన్నాడట. తెల్లారి వెళ్లి చూస్తే రాతిమీద ఆ చేతి ముద్ర ఉందని ఐతిహ్యం. ఆ ముద్ర ఉన్న రాతిని చెక్కి తీయించి ఒక కమానులో నిలిపారు, సుల్తాన్ అక్కడ కట్టడం లేపించాడు. చార్మినార్‌కు పునాది పడడానికి ఇంకా పదమూడేళ్లు ఉంది. కలను చరిత్ర అనలేం, నిజమే. కానీ ఆ కలను నమ్మి గోల్కొండ నుంచి అంత దూరం వచ్చినవాళ్లూ, వాళ్లు పెట్టిన ఖర్చూ, కట్టిన కమానూ చరిత్రే.

ఇందులో భక్తికన్నా రాజనీతే ఎక్కువని వాదించేవాళ్లున్నారు. కుతుబ్ షాహీలు షియాలు, అలీ గుర్తు తమ రాజ్యంలో వెలిస్తే సింహాసనానికి దన్ను. ఈ వాదన తీసిపారేయదగింది కాదు, ఆరంభానికి అది కొంత కారణమే కావచ్చు. అయితే 1687లో గోల్కొండ మొఘలుల చేతికి చిక్కింది. తర్వాత వచ్చిన ఆసఫ్ జాహీలు సున్నీలు. దన్ను పోయాక యాత్ర ఆరిపోవాలి కదా? ఆరిపోలేదు సరికదా, 1762 నుంచి 1803 దాకా ఏలిన రెండో ఆసఫ్ జా నిజాం అలీఖాన్ కాలంలో మరింత పెరిగింది. రజబ్ వచ్చిందంటే నిజాం, జనానా, అమీర్లు ఏనుగుల మీద, పల్లకీల్లో బయల్దేరేవారు. గుట్ట కింద డేరాలు వేసుకుని రోజుల తరబడి ఉండేవారు. 13వ తేదీ అలీ పుట్టినరోజు నుంచి 17 దాకా సందడే. సున్నీలూ షియాలే కాదు, హిందువులూ మొక్కులు తీర్చుకోవడానికి మెట్లెక్కారు. పీర్ల పండుగలో హిందువులు పీర్లను ఎత్తుకునే తెలంగాణలో ఇది వింతేమీ కాదు.

అంత సందడి జరిగేది తిరునాళ్లు గానీ తీర్థయాత్ర కాదు పొమ్మనేవాళ్లకు మహ్ లఖాబాయి చందా జీవితం జవాబు చెబుతుంది. ఉర్దూ గజళ్లు రాసి, తన కవితలను దీవాన్‌గా కూర్చిన తొలి మహిళల్లో ఒకరామె, నిజాం కొలువులో గాయని, నర్తకి. తల్లి రాజ్ కన్వర్‌బాయి ఆమెను కడుపుతో ఉన్నప్పుడు ఆపద ముంచుకొస్తే, గుట్టమీది నుంచి తెచ్చిన దారం కట్టుకుని గట్టెక్కిందని చెబుతారు. 1768లో పుట్టిన ఆ బిడ్డ పెద్దదై, 1792లో తల్లి సమాధిని ఇదే గుట్ట పాదాన కట్టించింది. 1824లో తనూ అక్కడే ఒరిగింది. ఆటపాటలు వృత్తిగా బతికిన మనిషి, నమ్మకం విషయానికి వచ్చేసరికి తల్లినీ తననూ ఈ గుట్టకే అప్పజెప్పింది. ఆమె జీవితంలో వేడుకనూ భక్తినీ విడదీసి చూడడం నావల్ల కాదు. ఎక్కడో స్పెయిన్‌లోని ఎల్ రోసియోలోనూ ఇదే తీరు. చిత్తడి నేలల్లో, ఒక చెట్టు తొర్రలో, వేటగాడికి మరియమ్మ ప్రతిమ దొరికిందని అక్కడి ఐతిహ్యం. పెంతెకోస్తు పండుగకు సెవిల్ వంటి నగరాల నుంచి భక్త సంఘాలు ఎద్దుబండ్లతో, పాటలతో, వంట సామానుతో రోజుల తరబడి నడిచి వెళతాయి. 1755 భూకంపం పాత గుడిని దెబ్బతీసింది, మళ్లీ కట్టుకున్నారు. 1960లలో దాన్నీ తీసేసి ఇంకా పెద్దది కట్టారు. గోడలు మారినా దారి మారలేదు. వాళ్ల పండుగ ఎప్పుడూ వసంతంలోనే. మన రజబ్ చాంద్రమాన నెల కాబట్టి ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒక తరంలో కాళ్లు కాలే రాతిమీద, ఇంకో తరంలో వాన తడికి జారే మెట్లమీద ఎక్కాలి. అయినా ఎక్కారు.

ఇప్పుడు నగరమే గుట్ట చుట్టూ ఇళ్లు కట్టేసుకుంది, రైల్వే స్టేషన్ వచ్చింది, ఇంకా యాత్ర ఏమిటన్నది ఆఖరి అభ్యంతరం. దూరం తగ్గిన మాట వాస్తవం. అందుకే ఇప్పుడు కాపాడాల్సిన వాటి పట్టీ కాస్త పొడవవుతుంది. మహ్ లఖాబాయి సమాధి ఆవరణను 2010 ప్రాంతంలో అమెరికా ప్రభుత్వ నిధులతో బాగుచేశారు, సంతోషం. అయితే కట్టడం ఒక్కటే దర్గా కాదు. హైదరాబాద్ చుట్టూ ఎన్నో గుట్టలు కంకరగా మారిపోయాయి, ఈ గుట్ట రాయి చెక్కుచెదరకూడదు. మెట్లదారి ముసలివాళ్లు కూడా ఎక్కేలా ఉండాలి. ఒకప్పుడు డేరాలు వేసిన పాదభూమిలో మిగిలిన ఖాళీజాగా గజమైనా సరే ప్లాటు కాకూడదు. రజబ్‌లో పాతబస్తీ నుంచి పిల్లాజెల్లాతో, అన్నం గిన్నెలతో దిగే కుటుంబాలకు దుప్పటి పరుచుకుని కూర్చునే చోటు అక్కడ ఉండి తీరాలి.