చెప్పుకోలేని బాధకు కథే దారి

మేడ్చల్ నుంచి షామీర్‌పేట వైపు వెళ్తుంటే ఒకప్పుడు ద్రాక్ష తోటలు కనిపించేవి. ఇప్పుడు హద్దురాళ్లు, వెంచర్ల బోర్డులు కనిపిస్తున్నాయి. 158 కిలోమీటర్ల ఔటర్ రింగ్ రోడ్డు ఈ రెండు ఊళ్లనూ తాకుతూ పోవడంతో భూమి ధర పెరిగింది. ధరతో పాటు ఇళ్లలో గొడవలూ పెరిగాయి. పండక్కి కూడా పుట్టింటి గడప తొక్కని ఆడపడుచులు ఈ చుట్టుపక్కల మాకు తెలిసినవారే ఉన్నారు.

వారిలో ఒక ఆపా గురించి చెబుతాం. ఆమె కోరిక మేరకు పేరు, ఊరు రాయడం లేదు. తండ్రి చనిపోయాక అన్నలు తోట అమ్మారు. "నీ పెళ్లికి పెట్టిందే నీ వాటా" అని కాగితాల మీద సంతకం పెట్టించుకున్నారు. అన్నల మాట కంటే, ఆ రోజు పక్కనే కూర్చుని నోరు మెదపని అమ్మీ మౌనమే తనను ఎక్కువ కోసిందంటారు ఆపా. ఎనిమిదేళ్లు రంజాన్‌కు పుట్టింటికి వెళ్లలేదు. రాత్రిళ్లు నిద్ర ఉండేది కాదు.

ఒకరోజు కూతురి పాత నోటుబుక్కులో మిగిలిన కాగితాల మీద జరిగినదంతా రాయబోయారు. రెండు పేజీలు దాటలేదు, చేయి వణికింది. పైగా ఇది గీబత్ కాదా అన్న భయం. చించేశారు.

ఆ భయాన్ని తీసిపారేయలేం. ఎదుట లేని సోదరుని గురించి అతనికి నచ్చని మాట చెప్పడం, అది నిజమే అయినా, గీబత్ అవుతుందని దైవప్రవక్త (స) హెచ్చరించారు. అయితే అన్యాయానికి గురైనవారు నోరు విప్పడాన్ని దివ్య ఖుర్‌ఆన్ (4:148) మినహాయించింది. న్యాయం చేయగలవారికి మొర పెట్టుకోవచ్చని ఇమామ్ నవవీ వంటి పండితులు వివరించారు. మరి ఇంట్లో ఒంటరిగా రాసుకునే కాగితం సంగతేమిటి? కథ పనికొచ్చేది ఇక్కడే. అందులో మనుషులకు పరదా ఉంటుంది, బాధ మాత్రం బయటికొస్తుంది. ఊరంతా పోల్చుకునేలా రాసి పేరొక్కటి మారిస్తే ఆ పరదా ఉత్తిదే అనుకోండి!

రెండోసారి ఆపా ద్రాక్ష తోటను మామిడి తోట చేశారు. ఊరిని కృష్ణ ఒడ్డుకు మార్చారు. "నేను" తీసేసి "ఆమె" అని రాశారు. కలం సాగింది. ఇంట్లో ఉర్దూ, బడిలో తెలుగు కావడంతో కథ తెలుగులోనూ మాటలు ఉర్దూలోనూ వచ్చాయి. మహమ్మద్ ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' (1999), స్కైబాబ సంపాదకత్వంలో వచ్చిన 'వతన్' (2004) చదివినవారికి ఇది కొత్త కాదు. మన ఇళ్లలో పలికే మాటలు ఆ పుస్తకాల్లో అచ్చయ్యాయి.

రాయడం వల్ల మేలుందని పరిశోధకులూ అంటున్నారు. 1986లో అమెరికాలో జేమ్స్ పెన్‌బేకర్, సాండ్రా బీల్ కొందరు విద్యార్థుల చేత తమ జీవితంలోని గాయాల గురించి నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాల చొప్పున రాయించారు. రాసిన వెంటనే వారి మనసు మరింత బరువెక్కింది. కానీ తర్వాతి నెలల్లో మనసులోని భావాలను కూడా కలిపి రాసినవారు వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. 1996లో మెలనీ గ్రీన్‌బర్గ్ బృందం ఇంకో అడుగు వేసింది. తమది కాని గాయాన్ని తమదిగా ఊహించుకుని రాసిన యువతులకు కూడా అలాంటి మేలే కనిపించింది. అంటే కల్పన కూడా పని చేస్తోందన్నమాట.

ఖుర్‌ఆన్‌లో అత్యుత్తమమైన గాథగా అల్లాహ్ పేర్కొన్న యూసుఫ్ సూరా కూడా ఒక ఇంటి గాయమే. సొంత అన్నలే తమ్ముణ్ణి బావిలో పడేశారు. ప్రవక్త యాకూబ్ (అ) దుఃఖంతో కళ్లు పోగొట్టుకున్నారు. తన వేదనను అల్లాహ్‌కే చెప్పుకున్నారు. ఆయనకు సబ్ర్ లేదని ఎవరైనా అనగలరా? చివరికి యూసుఫ్ (అ) అన్నలను క్షమించారు. ఆపాకు పెద్దలు పదే పదే వినిపించింది ఆ ఆయత్ (12:92) ఒక్కటే. దానికి ముందున్న ఆయత్‌లో అన్నలు తమ తప్పు ఒప్పుకున్నారు. దాన్ని ఎందుకు వదిలేస్తారో మాకు అర్థం కాదు.

నోటుబుక్కు వాటా తెచ్చిపెట్టదు. కొడుకు వాటాలో సగం కూతురిదని ఖుర్‌ఆన్ (4:11) నిర్ణయించింది. పెద్దలు వినకపోతే స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయ సహాయం అందిస్తుంది. నిద్ర పట్టక, బతుకు మీదే విరక్తి పుడుతుంటే కథ కోసం ఆగవద్దు. డాక్టరును కలవాలి. 14416 నంబరుకు ఫోన్ చేస్తే టెలీ మానస్‌లో తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఆపా మూడో కథను తల్లి వైపు నుంచి రాశారు. కొడుకు పెట్టే అన్నం తింటూ, కూతురి వైపు మాట్లాడలేని తల్లి అది. రాస్తుండగానే ఆ రోజు అమ్మీ ఎందుకు నోరు మెదపలేదో తెలిసిందంటారు. మొన్న అమ్మీ స్వయంగా ఆటోలో వచ్చారు. ఆమెకు తెలుగు చదవడం రాదు. ఆపాయే చదివి వినిపించారు. అమ్మీ చాలాసేపు కొంగుతో ముఖం తుడుచుకుంటూ కూర్చున్నారు.

"బీపీ గోలీలకు కూడా కొడుకునే డబ్బులు అడగాలి బేటీ. అది రాయలేదు నువ్వు" అన్నారు.

ఆపా ఆ మాటనూ కథలో చేర్చారు. వాటా సంగతి ఇంకా తేలలేదు.