ముఖం చూపించే ముందు అడగండి

2025 నవంబర్ 1, కార్తీక ఏకాదశి. శ్రీకాకుళం జిల్లా కాశీబుగ్గ వేంకటేశ్వరస్వామి గుడిలో తొక్కిసలాట జరిగి 9 మంది చనిపోయారు. మధ్యాహ్నానికే ఆ వీడియోలు మా ఉద్దానం ఊళ్ల వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఊపిరాడక పడిపోయిన ఆడవాళ్లు, చెదిరిన చీరలు. పక్కింటి కుర్రాడు ఫోన్ పట్టుకొచ్చి, "మాస్టారూ, ఈవిడ మా పెద్దమ్మ కాదు కదండీ? ఓసారి సూడండి" అన్నాడు. ఆవిడ ఎవరైనా, బతికుందో లేదో ఇంటికి కబురు అందకముందే ఆమె అవస్థను ఊరంతా చూసేసింది.

సోంపేట దగ్గర హైస్కూల్లో సోషల్ చెబుతాను. మా ప్రాంతానికి కెమెరా కొత్త కాదు. ఉద్దానాన్ని పీడిస్తున్న కిడ్నీ జబ్బు గురించి చెప్పడానికొచ్చిన టీవీవాళ్లు రోగుల ఉబ్బిన కాళ్లు, డయాలసిస్ సూదులు గుచ్చిన చేతులు దగ్గర్నుంచి చూపించారు. ఆ వార్తల వల్ల మా గోడు బయటి లోకానికి తెలిసింది. 2023 డిసెంబర్‌లో పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి ప్రారంభమైంది. మేలు అందరిదీ, నష్టం మాత్రం తెర మీద కనిపించినవాళ్లది. నా దగ్గర చదువుకున్న ఒకమ్మాయి తండ్రిని టీవీలో చూపించాక, ఖాయమనుకున్న సంబంధం తప్పిపోయింది. "ఆ ఇంట జబ్బుందట" అన్నారు పెళ్లివారు.

కావాలని కెమెరా ముందుకెళ్లేవాళ్ల సంగతి వేరు. 2017 జులైలో తెలుగులో బిగ్‌బాస్ షో మొదలైంది. అందులోకి వెళ్లేవాళ్లు ఒప్పందం రాసుకుని, డబ్బు తీసుకుని వెళ్తారు. తమ ఏడుపూ కొట్లాటా జనం చూస్తారని వాళ్లకు ముందే తెలుసు. గుడి మెట్ల దగ్గర పడిపోయిన ఆడమనిషి ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అయినా ఇద్దరినీ ఒకే కుతూహలంతో చూడటం మనకు అలవాటైపోయింది. ఎంతమంది చూస్తే అంత రాబడి కాబట్టి, యూట్యూబ్ థంబ్‌నెయిల్ మీద ఏడుస్తున్న ముఖమే పెద్దదిగా పెడతారు.

బిగ్‌బాస్ మొదలైన మరుసటి నెలే, 2017 ఆగస్టు 24న, గోప్యత ప్రాథమిక హక్కని పుట్టస్వామి కేసులో సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం ఏకగ్రీవంగా తీర్పిచ్చింది. ఒప్పుకోలు లేకుండా ఎవరి శరీరంలోనైనా దాచుకునే భాగాలను ఫొటో, వీడియో తీసినా, ఇతరులకు పంపినా ఐటీ చట్టం 66ఇ సెక్షన్ కింద మూడేళ్ల వరకు జైలు, 2 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడతాయి. స్పృహ తప్పిన మనిషి ముఖానికి మాత్రం ఆ సెక్షన్ కాపలా కాయదు. అక్కడ మన సంస్కారమే దిక్కు.

అందుకే మా పిల్లలకు చెబుతున్నాను: ప్రమాదం దగ్గర ఫోన్ బయటికి తీస్తే 108కి చెయ్యడానికే తియ్యండి. అలాంటి వీడియో మీకొస్తే ఎవరికీ పంపకుండా చెరిపెయ్యండి. పంపినవాడు మీ సొంత మామయ్యే అయినా సరే, ఎందుకు పంపారని అడగండి.