పెరటి గులాబి

ముప్పదియేండ్లు విభక్తులును సమాసములును చెప్పిన నేను గులాబిని గూర్చి మాటలాడుట వింతగా తోచవచ్చును. అమరకోశములో శతపత్రమనిన తామరయే గాని గులాబి కాదు. గులాబి యను మాట పారసీకము. పువ్వు, నీరు అను రెండు శబ్దములు చేరి మొదట పన్నీటికి పేరై, పిదప పువ్వునకే నిలిచినది.

డెల్టాలో గులాబి బ్రతుకదని పలువురందురు. ఉద్యోగము విరమించిన యేడు నేను ఆరు అంటుమొక్కలను తెచ్చి బిడ్డలవలె సాకితిని. ఉదయమొక బిందె, సాయంకాలమొక బిందె. శ్రావణమున ఆకులు పండుబారగా, నీరు చాలలేదని మూడవ బిందె పోసితిని. భాద్రపదమునకు అయిదు చచ్చినవి. పెరికి చూడగా వేళ్లు నల్లబడి క్రుళ్లియుండెను. ఆరవదాని అంటు ఎండిపోగా, అడుగునున్న మూలపుమొక్క చిగిర్చి, నేను కొన్న పెద్దపువ్వునకు మారుగా చిన్న గులాబిరంగు పువ్వును పూచెను.

నేరము నా బిందెది. 1855లో బెజవాడయొద్ద ఆనకట్ట పూర్తియైనది. దానికి మారుగా 1957లో ప్రకాశం బ్యారేజి వచ్చినది. కాలువలు పారి వరిచేలు నిండియున్నన్నాళ్లు మన నేలలో నీరు పైపైననే యుండును. రేగడిమన్ను ఆ నీటిని త్వరగా విడువదు. వరికి అదియే మేలు. గులాబివేళ్లకు గాలి లేనిచో అవి కుళ్లును.

కావున గోతిలో గాక, అడుగున్నర ఎత్తు దిబ్బమీద నాటవలెను. రెండుపాళ్లు మన మన్ను, ఒకపాలు ఇసుక, ఒకపాలు బాగుగా చివికిన పశువులయెరువు. ఆరుగంటలైన ఎండ తగులవలెను. నూతిగట్టు దాపున వలదు. వ్రేలు గ్రుచ్చి చూచి, రెండంగుళముల లోతున పొడిగా నున్నప్పుడే నీరు పోయుడు. అదియు మొదటనే గాని ఆకులమీద వలదు.

ఇక జాతి మాట. నాకు మిగిలిన ఆ మూలపుమొక్క ఎడ్వర్డు గులాబియని ఒక తోటమాలి గుర్తించెను. దక్షిణదేశమున అంటులకు దానిని మూలముగా వాడుట కలదు. హిందూమహాసముద్రములోని రీయూనియన్ ద్వీపమునకు పూర్వము బూర్బోన్ అని పేరు. అచట చీనాగులాబియు డమాస్కసు గులాబియు కలిసి పుట్టిన సంతతి యిది. పాశ్చాత్యదేశపు పాతగులాబులలో పెక్కు ఏడాదికొకమారే పూచెడివి. మరలమరల పూచు గుణము చీనాతల్లి యిచ్చిన కట్నము. పైగా స్వంతవేళ్లమీద పెరిగినదానికి ఎచట చిగురు లేచినను అదే పువ్వు. అంటు ఎండునను భయమే లేదు.

కార్తీకమున వానలు వెనుకబట్టగానే పెన్సిలంత లావుగల ముదురుకొమ్మను ఎనిమిదంగుళములు కోసి, రెండు కణుపులు మంటిలో నుండునట్లు నీడన గ్రుచ్చిన చాలును. పెరిగిన పొదను ఆ దినములలోనే మూడవవంతు కత్తిరించి, ఎండుపుల్లలు తీసి, గంపెడు ఎరువు వేయవలెను. నెలన్నరకు మొగ్గ కట్టును. వాడిన పువ్వులను ఉంచినచో కాయ కట్టి పూత తగ్గును. నిత్యపూజ గల యింట ఈ పని అడుగకయే జరుగుచుండును.

మండువేసవిలో పూలు చిన్నవగును, కొన్ని దినములు ఆగును. అప్పుడు బిందె యెత్తుకొని పరుగిడకుడు. తొలకరికి అదియే చిగిర్చును.