తల్లి చిగుళ్లు, బిడ్డ పాలపళ్లు

కాన్పుకొక పన్ను ఊడునను మాట పలుచోట్ల వినబడును. శిశువు తల్లి పళ్లలోని సున్నపు ధాతువును లాగుకొనదు. ఆహారము చాలనిచో ఎముకలనుండి గ్రహించును. గర్భిణి చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారుటకు హార్మోనుల మార్పును, పళ్ల మొదట పేరిన పాచియు కారణములు. నెత్తురుకు జడిసి పళ్లు తోముట మానినచో పాచి పెరిగి నెత్తురు మరింత కారును. వాంతియైన వెంటనే మాత్రము తోమరాదు. పులుపుచే మెత్తబడిన పింగాణి పొర అరుగును. చిటికెడు వంటసోడా కలిపిన నీట పుక్కిలించి, అరగంట తాళవలెను. పంటినొప్పిని కాన్పుదాక ఓర్చుకొననక్కరలేదు. గర్భవతినని ముందే తెలిపినచో వైద్యుడు తగిన చికిత్స చేయును.

బిడ్డకు 6వ నెల ప్రాంతమున తొలి పన్ను మొలచును. ఆనాటినుండియే మెత్తని బ్రష్షున బియ్యపుగింజంత ఫ్లోరైడు పేస్టుతో తోమవలెను. ఎట్లును ఊడు పళ్లే గదా యను ఓదార్పు నాకు నచ్చదు. పంచదార పాలసీసా నోటిలో ఉంచి నిద్రపుచ్చిన బిడ్డకు పై ముందుపళ్లు త్వరలోనే పుచ్చును. దవడ పాలపళ్లు 10, 12 ఏండ్ల వరకు నమలవలసినవి.