అమ్మమ్మ గొంతు ఎందుకు మారింది?

తొర్రూరులో ఒక ఇంట్లో ఇలా జరిగిందనుకుందాం. ఎనిమిదో తరగతి చదివే ఒక అమ్మాయి, సద్దుల బతుకమ్మ నాడు అమ్మమ్మ పాడిన పాటను సెల్‌ఫోనులో రికార్డు చేసింది. పాట సరిగ్గా 3 నిమిషాలు. మర్నాడు దాన్ని కంప్యూటరులోకి ఎక్కించి వినిపించింది. అమ్మమ్మ విస్తుపోయింది.

"గిది నా గొంతేనా బిడ్డా? పడిశం పట్టినట్టు గట్ల ముద్దముద్దగ ఉన్నదేంది?"

నిజమే. గొంతు బొంగురుపోయింది. పాట నత్తనడక నడుస్తోంది. 3 నిమిషాల పాటకు 3 నిమిషాల 16 సెకన్లు పట్టింది! ఫోను చెడిపోయిందా? మైకు పాడైందా? రెండూ కాదు. అసలు సంగతేమిటో చూద్దాం.

సినిమాలో బొమ్మ కదలదని మీకు తెలుసు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలను వరుసగా చూపిస్తే, మన కంటికి అది కదులుతున్నట్టు అనిపిస్తుంది. ఫోను కూడా ధ్వనిని ఇలాగే పట్టుకుంటుంది. గాలిలోని కంపనాలు మైకును తాకినప్పుడు పుట్టే విద్యుత్తును క్షణక్షణమూ కొలిచి, ఆ కొలతలను అంకెలుగా రాసుకుంటుంది. ఈ కొలతలను శాంపుల్స్ అంటారు. మనం మచ్చులు అందాం. బియ్యం కొనే ముందు బస్తాలోంచి గుప్పెడు తీసి చూస్తామే, అలాంటి మచ్చులే ఇవి. సెకనుకు ఎన్ని మచ్చులు తీశామన్నదే శాంపుల్ రేటు.

ఎన్ని తీయాలి? మనిషి చెవి సెకనుకు సుమారు 20,000 కంపనాల వరకు వినగలదు. ఒక కంపనాన్ని పట్టుకోవాలంటే కనీసం రెండు మచ్చులకు పైగా కావాలి. అంటే సెకనుకు 40,000 దాటాలన్నమాట. 1982లో బజారులోకి వచ్చిన కాంపాక్ట్ డిస్కుకు 44,100 అని నిర్ణయించారు. ఈ వింత అంకె ఎక్కడిది? అంతకుముందు ధ్వని అంకెలను వీడియో టేపు మీద దాచేవారు. టెలివిజన్ బొమ్మలో గీత ఒక్కింటికి 3 మచ్చుల చొప్పున, 294 గీతల్లో, సెకనుకు 50 సార్లు. హెచ్చవేసి చూడండి! వీడియో పనులకు మాత్రం 48,000 స్థిరపడింది. అది 24తోనూ, 25తోనూ శేషం లేకుండా భాగింపబడుతుంది. ఈ రెండు రేట్లూ నేటికీ వాడుకలో ఉన్నాయి. చిక్కంతా అక్కడే!

అమ్మమ్మ పాటను ఫోను సెకనుకు 48,000 మచ్చులతో రాసింది. కంప్యూటరు సెకనుకు 44,100 చొప్పున చదివింది. ఒక్క సెకనులో చదవవలసిన అంకెలకు 1.088 సెకన్లు పట్టింది. పాట సాగింది. కంపనాలు కూడా నెమ్మదించాయి కనుక శ్రుతి దిగిపోయింది. ఎంత? దాదాపు ఒకటిన్నర స్వరస్థానాలు. ఐదు కట్టెల శ్రుతిలో పాడిన పాట నాలుగుకూ, నాలుగున్నరకూ నడుమ పడుతుంది. హార్మోనియం మీద ఏ మెట్టు నొక్కినా దానితో కలవదు!

ఈ తగాదా కొత్తదేమీ కాదు. నిమిషానికి 45 చుట్లు తిరగవలసిన గ్రామఫోను రికార్డును 33కు పెడితే గాయని గాయకుడైపోయేది. సెకనుకు 24 బొమ్మల సినిమాను పాల్ పద్ధతి టెలివిజన్‌లో సాధారణంగా 25 బొమ్మల వేగంతో నడిపేవారు. అప్పుడు 150 నిమిషాల సినిమా 144 నిమిషాల్లోనే అయిపోతుంది. పాటల శ్రుతి కూడా కాస్త పెరుగుతుంది.

సాధారణంగా ఫైలు మొదట్లోనే రేటు ఎంతో తెలిపే చీటీ ఉంటుంది. మంచి ప్రోగ్రాములు దాన్ని చదివి సర్దుకుంటాయి. ఆ చీటీ లేకపోయినా, తప్పుగా ఉన్నా, ప్రోగ్రామును ఒక రేటుకూ సౌండ్ పరికరాన్ని మరో రేటుకూ పెట్టినా ఈ తంటా వస్తుంది.

రోగం కనిపెట్టడానికి గోడగడియారం చాలు. గడియారం చప్పుడును సరిగ్గా 60 సెకన్లు రికార్డు చేసి, వినిపించి, మరో గడియారంతో కాలం కొలవండి. 65 సెకన్లు దాటితే 48,000ను 44,100గా చదువుతోంది. 55 సెకన్లలో అయిపోతే దానికి తిరకాసు. రెండు నిమిషాలు పడితే సగం రేటుతో చదువుతోంది.

ఇక మందు. ముందుగా అసలు ఫైలుకు నకలు తీసి భద్రపరచండి. శ్రుతి పెంచే మీటలు తిప్పకండి. దానివల్ల గొంతు మరింత వికృతం కావచ్చు. అంకెలన్నీ సరిగ్గానే ఉన్నాయి, చదివే వేగమే తప్పు. కనుక ప్రోగ్రాములో రేటు అన్న చోట 48,000 అని సరిదిద్దండి. పరికరం రేటు కూడా అదే ఉందో లేదో చూడండి. రీశాంపుల్ అనేది వేరే పని. అది మచ్చులనే కొత్తగా తయారు చేస్తుంది. చీటీ తప్పుగా ఉండగా ఆ పని చేస్తే, ఆ తప్పే పాటలో స్థిరపడిపోతుంది.

పుస్తకాలకెక్కని పాటలు మన అమ్మమ్మల నోళ్ళలో ఇంకా ఎన్నో ఉన్నాయి. వాళ్ళు మళ్ళీ మళ్ళీ పాడతారన్న భరోసా లేదు. అందుకే ఈసారి రికార్డు చేసేటప్పుడు మొదట్లోనే ఊరు, తేదీ, శాంపుల్ రేటు నోటితో చెప్పండి. తర్వాత గడియారం చప్పుడు ఒక నిమిషం పట్టండి. ముప్ఫై ఏళ్ళ తర్వాత ఆ పాట వినేవారికి, అది అమ్మమ్మ అసలు గొంతో కాదో ఆ గడియారమే చెబుతుంది.