పెరటి పచ్చికకు రోబో యంత్రం: ఎంపిక, వాడకం, బాధ్యత

జర్మనీ, స్వీడన్, ఇంగ్లండు, అమెరికా వంటి దేశాలలో ఉద్యోగరీత్యా స్థిరపడిన బిడ్డల ఇళ్ళలో కొన్ని నెలలు గడిపి వచ్చే తల్లిదండ్రులు మన కుటుంబాలలో తక్కువేమీ కాదు. అక్కడి ఇంటికి ముందో వెనుకనో పచ్చిక ఉండడం సర్వసాధారణం. వేసవిలో దానిని కోయకుండా వదిలితే నెల తిరగకముందే చిట్టడవిని తలపిస్తుంది. అమెరికాలోని అనేక పట్టణాలలో గడ్డి ఫలానా ఎత్తు మించరాదన్న నిబంధన కూడా ఉన్నది. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్ళే ఇంట్లో ఇది చిన్న భారం కాదు. అందుచేత మనిషి తోయకుండా తనంతట తాను తిరుగుతూ గడ్డి కోసే రోబో యంత్రం కొందామన్న ఆలోచన ఎన్నో ఇళ్ళలో వస్తున్నది.

అయితే ఆ యంత్రం పెరటిలో తిరిగే వేళ కొన్నవారు కార్యాలయంలో ఉంటారు. ఇంట్లో ఉండేది నాయనమ్మ, తాతయ్య, అప్పుడప్పుడే నడక నేర్చిన మనుమడు. కాబట్టి ఈ యంత్రాన్ని గురించి బిడ్డలకు ఎంత తెలియాలో పెద్దలకూ అంత తెలియాలి. అది మన చేతి శ్రమను తగ్గిస్తుంది గాని మన బాధ్యతను తీసుకోదు.

యంత్రం పుట్టుక, పనితీరు

గడ్డి కోసే యంత్రాన్ని 1830లో ఇంగ్లండులోని స్ట్రౌడ్ ప్రాంతానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ రూపొందించాడు. బట్టల మిల్లులలో ఉన్ని వస్త్రంపై లేచిన నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి అతనికి ఆ ఆలోచన కలిగింది. అంతకు పూర్వం పచ్చికను కొడవళ్ళతో కోసేవారు, లేదా గొర్రెలను మేపేవారు. మనిషి తోయనవసరం లేని యంత్రం కోసం అమెరికాలో 1969 నాటికే ప్రయత్నం జరిగినా, 1995లో స్వీడన్‌కు చెందిన హస్క్‌వార్నా సంస్థ సౌరశక్తితో నడిచే యంత్రాన్ని అమ్మకానికి తెచ్చిన తరువాతనే అది ఇళ్ళకు చేరసాగింది.

ఈ యంత్రం సాధారణ యంత్రం వలె వారానికొకసారి గడ్డిని పెద్దయెత్తున కోయదు. దాదాపు ప్రతిదినం తిరుగుతూ కొన కొంచెం కొంచెంగా కత్తిరిస్తుంది. రాలిన ముక్కలు ఎంతో సన్నగా ఉండడం వల్ల వేళ్ళ దగ్గరకు జారి, కుళ్ళి, ఎరువుగా మారుతాయి. పచ్చికకు కావలసిన నత్రజనిలో సుమారు నాలుగో వంతు ఈ విధంగానే సమకూరుతుందని వ్యవసాయ విస్తరణ నిపుణులు చెబుతారు. బ్యాటరీ తగ్గగానే యంత్రం తన స్థానానికి తిరిగి వచ్చి ఛార్జి చేసుకొంటుంది.

పెరటి హద్దు ఎక్కడున్నదో యంత్రానికి ఎలా తెలుస్తుంది? దీనికి ముఖ్యంగా మూడు పద్ధతులున్నాయి. మొదటిది తీగ. పచ్చిక చుట్టూ నేలలో సన్నని తీగను పాతుతారు. అందులో ప్రవహించే స్వల్ప విద్యుత్ సంకేతాన్ని గుర్తించి యంత్రం వెనుదిరుగుతుంది. ఇది పాత పద్ధతి, నమ్మదగినది. అయితే తోట పనిలో పార తగిలి తీగ తెగితే ఎక్కడ తెగిందో వెదకడం కష్టం. రెండవది ఉపగ్రహాల పద్ధతి. పెరటిలో ఉంచిన చిన్న స్తంభం, ఉపగ్రహాలు కలిసి యంత్రం ఉన్న చోటును కొన్ని సెంటీమీటర్ల తేడాతో చెప్పగలవు. పైన ఆకాశం తెరపిగా ఉంటేనే ఇది బాగుగా పనిచేస్తుంది. దట్టమైన చెట్ల క్రింద, ఎత్తైన గోడల నడుమ తడబడుతుంది. మూడవది కెమెరా లేదా లేజర్ కిరణాలతో పరిసరాలను గుర్తించే పద్ధతి. కెమెరాకు వెలుతురు కావాలి. లేజర్‌కు చుట్టూ గోడ, చెట్టు, కంచె వంటి ఆనవాళ్ళు కావాలి.

కొనే ముందు కొలవండి

ప్రకటన చూసి కొనడం కాక, పెరడు చూసి కొనడం వివేకం. ముందుగా ఇల్లు, బాట, పూలమళ్ళు తీసివేసి గడ్డి ఉన్న మేరకు చదరపు మీటర్లలో లెక్క వేయండి. పెట్టెపై ముద్రించే విస్తీర్ణం అనుకూల పరిస్థితులలో సాధ్యమయ్యే గరిష్ఠ పరిమితి. చెట్లు, మలుపులు, ఏటవాలు ఉన్న పెరడైతే లెక్కకన్నా కొంత ఎక్కువ సామర్థ్యం గలదానిని ఎంచుకోవాలి.

తరువాత వాలు. ఒక మీటరు పొడవు గల కర్రను పై అంచున ఆనించి సమతలంగా పట్టుకోండి. క్రింది కొనకూ నేలకూ మధ్య ఉన్న ఎత్తును కొలవండి. అది 35 సెంటీమీటర్లయితే ఆ వాలు 35 శాతం. డిగ్రీలలో చెబితే అది సుమారు 19 మాత్రమే. దుకాణదారు శాతంలో చెబుతున్నాడా, డిగ్రీలలో చెబుతున్నాడా అన్నది తప్పక అడగాలి. ఈ రెంటినీ ఒకటిగా భావించినవారు సగం సామర్థ్యం గల యంత్రాన్ని ఇంటికి తెచ్చుకొనే ప్రమాదం ఉన్నది.

ముందు పచ్చికకూ వెనుక పచ్చికకూ నడుమ ఇరుకు దారి ఉంటే దాని వెడల్పు కొలవండి. మీటరుకన్నా తక్కువైతే అనేక యంత్రాలు ఇబ్బంది పడతాయి. నీటి గుంట, లోతైన పూలమడి ఉంటే హద్దును దానికి దూరంగా నిర్ణయించాలి. గోడ ప్రక్కన కొంత గడ్డి ఎటూ మిగిలిపోతుంది. దానిని చేతితో కత్తిరించక తప్పదు. బ్లేడ్లు, బ్యాటరీ, మరమ్మతు ఆ ఊరిలో దొరుకుతాయా అన్న విచారణ కూడా కొనుగోలుకు ముందే జరగాలి.

ఇవన్నీ చూసిన పిమ్మట పెరడు చాలా చిన్నదని తేలితే యంత్రం కొనకపోవడమే మేలు. చేతితో తోసే చక్రాల యంత్రం అరగంటలో ఆ పని ముగిస్తుంది. దానికి విద్యుత్తు అక్కరలేదు, ఖరీదు స్వల్పం, పైగా ఒంటికి వ్యాయామం. అవసరం లేని చోట ఖరీదైన వస్తువును నిలపడం దుబారాయే గాని సౌకర్యం కాదు.

వాడకంలో పాటించవలసినవి

మొదటిసారి సాధారణ యంత్రంతో గడ్డిని తగ్గించిన తరువాతనే రోబోను దింపాలి. ఒక్క కోతలో ఆకు ఎత్తులో మూడో వంతుకు మించి తీయరాదన్నది పచ్చిక పెంపకంలో ప్రాథమిక సూత్రం. మండు వేసవిలో గడ్డిని ఐదారు సెంటీమీటర్ల ఎత్తున ఉంచితే వేళ్ళకు నీడ దక్కుతుంది, నేల త్వరగా ఎండదు. వాన పడేటప్పుడు కోత ఆపడం మంచిది. తడి గడ్డి ముద్దలై బ్లేడ్ల చుట్టూ అంటుకొంటుంది, మెత్తని నేలలో చక్రాలు గాళ్ళు వేస్తాయి.

బ్లేడ్లు చిన్నవి, క్షవరపు బ్లేడ్లవలె పదునైనవి. వాడకాన్ని బట్టి కొన్ని వారాల నుంచి రెండు మూడు నెలలకొకసారి వాటిని మార్చాలి. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయక చింపుతుంది. కొనలు గోధుమరంగుకు తిరగడమే దాని గుర్తు. మార్చేటప్పుడు ప్రధాన స్విచ్ ఆపి, మందపు చేతితొడుగులు వేసుకొని, అన్ని బ్లేడ్లనూ మరలతో సహా ఒకేసారి మార్చాలి. అడుగు భాగాన్ని బ్రష్‌తో శుభ్రం చేయాలి. తయారీదారు అనుమతించని యంత్రంపై నీటి ధార కొట్టరాదు. ఉరుములు మెరుపుల సూచన ఉన్నప్పుడు ఛార్జింగు స్థానాన్ని విద్యుత్తు నుంచి, తీగ నుంచి విడదీయాలి. మంచు కాలం రాకముందే శుభ్రం చేసి, ఛార్జి చేసి, ఇంటి లోపల భద్రపరచాలి.

పసివారు ఇంట ఉన్నప్పుడు

పైకి ఎత్తినా, తలక్రిందులైనా బ్లేడ్లు ఆగేటట్లు ఈ యంత్రాలను రూపొందిస్తారు. దేనికైనా గట్టిగా తగిలితే దిశ మార్చుకొంటాయి. అయినా యంత్రం నడిచేటప్పుడు పిల్లలను, పెంపుడు జంతువులను దూరంగా ఉంచవలసిందని తయారీదారులే సూచనల పుస్తకంలో వ్రాస్తారు. గడ్డిలో చేతులాన్చి పాకే పసివాని వ్రేళ్ళు, పడుకొని ఆడుకొనే పిల్లవాని పాదం యంత్రం ఎత్తుకన్నా క్రిందనే ఉంటాయని మరువరాదు.

కాబట్టి పిల్లలు బడికి వెళ్ళిన వేళకో, నిద్రించే వేళకో యంత్రం తిరిగేటట్లు సమయం నిర్ణయించాలి. తిరిగే ముందు ఆటవస్తువులు, రాళ్ళు, రాలిన పండ్లు, నీటి గొట్టం తీసివేయాలి. యంత్రం పైన ఉండే స్టాప్ మీట ఎక్కడున్నదో, దానిని ఎలా నొక్కాలో, రహస్య సంఖ్య ఏమిటో ఇంట్లో ఉండే పెద్దలకు తెలిసి ఉండాలి. తల్లిదండ్రులు విమానం దిగిన మొదటి వారంలోనే పొయ్యి వెలిగించడం, తలుపు తాళం చూపించినట్లు ఈ మీటను కూడా చూపించడం బిడ్డల కర్తవ్యం.

చీకటిలో తిరగరాదు

రాత్రి పూట పెరడు ఖాళీగా ఉంటుంది గనుక అప్పుడు యంత్రాన్ని నడిపితే ఎవరికీ అడ్డం ఉండదన్న ఆలోచన సహజం. అయితే రాత్రి పెరడు ఖాళీగా ఉండదు. ఐరోపాలో హెడ్జ్‌హాగ్ అనే చిన్న ముళ్ళ జంతువు ఉన్నది. ఇది మన అడవుల ఏదుపంది కాదు, అంతకన్నా ఎంతో చిన్నది. పగలు పొదలలో నిద్రించి, రాత్రి పచ్చికలో పురుగులను ఏరుకొని తింటుంది. ప్రమాదం ఎదురైతే పారిపోవడానికి బదులు ముళ్ళ బంతిలా ముడుచుకొని కదలకుండా ఉండిపోవడం దాని నైజం. నక్క ఎదుట ఆ ఉపాయం దానిని కాపాడుతుంది. బ్లేడ్ల ఎదుట అదే దాని ప్రాణం తీస్తుంది.

డెన్మార్క్ శాస్త్రవేత్త సోఫీ లుండ్ రాస్ముసెన్, ఆమె సహచరులు 18 రకాల రోబో యంత్రాలను చనిపోయిన హెడ్జ్‌హాగ్‌లతో పరీక్షించి 2021లో ఫలితాలు ప్రచురించారు. వాటిలో ఏ ఒక్కటీ జంతువును తాకకముందు గుర్తించలేకపోయింది. కొన్ని తాకి వెనుదిరిగాయి, కొన్ని తీవ్రంగా గాయపరచాయి. 2024లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమితి ఈ జీవిని ముప్పునకు చేరువైన జాతుల జాబితాలో చేర్చింది. అదే సంవత్సరం జర్మనీలోని కొలోన్ నగరం సూర్యాస్తమయానికి అరగంట ముందు నుంచి సూర్యోదయం తరువాత అరగంట వరకు రోబో యంత్రాలను నడపడం నిషేధించింది. నోరులేని జీవిపై దయ చూపడం మనకు ఒక నగరపాలిక ఉత్తర్వు వల్ల కలిగిన బాధ్యత కాదు. ఉత్తర్వు లేని ఊరిలోనూ అది మనపై ఉన్నది.

ఇందుకు మన ఇళ్ళలో ఒక సులువైన సాధనం ముందే ఉన్నది. గోడకు వ్రేలాడే నమాజు వేళల పట్టికలో సూర్యోదయ సమయం ఉంటుంది, మగ్రిబ్ వేళ సూర్యాస్తమయాన్ని తెలుపుతుంది. మగ్రిబ్‌కు అరగంట ముందే యంత్రం తన స్థానానికి చేరాలి. ఉదయం సూర్యోదయం తరువాత అరగంట గడచిన పిమ్మటనే బయలుదేరాలి. జూన్‌లో కొలోన్‌లో సూర్యుడు రాత్రి పదింటికి దగ్గరగా అస్తమిస్తాడు, సెప్టెంబరు చివరకు ఏడు గంటల ప్రాంతానికే అస్తమిస్తాడు. వసంతంలో పెట్టిన సమయాన్ని శరత్తులో మార్చకుంటే యంత్రం మనకు తెలియకుండానే చీకటిలో తిరుగుతూ ఉంటుంది. పట్టిక మారిన ప్రతి నెలా యంత్రం సమయాన్ని కూడా సరిచూడండి.

పొరుగువారి హక్కు

జర్మనీలో నివాస ప్రాంతాలలో రాత్రి 8 నుంచి ఉదయం 7 వరకు, ఆదివారాలు, సెలవు దినాలలో రోజంతా గడ్డి కోసే యంత్రాలు నడపరాదన్న చట్టం ఉన్నది. రోబోకు శబ్దం తక్కువన్న కారణంతో అక్కడ మినహాయింపు లేదు. వేసవిలో ఎనిమిది గంటల హద్దు ముందు వస్తుంది, శరత్తులో సూర్యాస్తమయపు హద్దు ముందు వస్తుంది. ఏది ముందైతే దానిని పాటించాలి. ఇతర దేశాలలో ఊరికొక నియమం ఉండవచ్చును గనుక స్థానికంగా తెలుసుకోవాలి.

కెమెరా గల యంత్రం విషయంలో మరో జాగ్రత్త ఉన్నది. 2024లో అమెరికాలో జరిగిన డెఫ్‌కాన్ సభలో భద్రతా పరిశోధకులు ఒక ప్రసిద్ధ సంస్థ రోబోలలోని కెమెరాను, మైకును బయటివారు వశపరచుకోగల లోపాలను బయటపెట్టారు. వాటిలో గడ్డి కోసే రోబోలు కూడా ఉన్నాయి. మన ఇంటి ఆడవారి గోప్యత మనకెంత ముఖ్యమో పొరుగింటివారి గోప్యత వారికి అంతే ముఖ్యం. తీగతోనో, ఉపగ్రహాలతోనో నడిచే కెమెరా లేని యంత్రం మన పెరటికి సరిపోతే దానినే ఎంచుకోవడం ఉత్తమం. కెమెరా తప్పనిసరి అయితే గట్టి సంకేతపదం పెట్టాలి, తయారీదారు పంపే సాఫ్ట్‌వేర్ సవరణలను ఎప్పటికప్పుడు తీసుకోవాలి.

ఈసారి విదేశంలో ఉన్న బిడ్డతో మాట్లాడేటప్పుడు, వారి ఇంట ఇటువంటి యంత్రం ఉన్నట్లయితే, మూడు మాటలు అడగండి. అది ఏ వేళకు ఆగుతున్నది? అది తిరిగేటప్పుడు పిల్లలు ఎక్కడ ఉంటున్నారు? దానిని ఆపే మీట ఇంట్లో ఎవరెవరికి తెలుసు? ఈ మూడింటికీ తడుముకోకుండా సమాధానం వస్తే ఆ ఇంట యంత్రం నిజంగా సౌకర్యమే. రాకపోతే ఆ సమాధానాలు దొరికేవరకు దానిని ఆపి ఉంచమని చెప్పండి.