కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లు ఏం తాగాలి, ఎంత తాగాలి?

చౌటుప్పల్‌లో తాగునీటి మాట ఎత్తితే ముందు గుర్తొచ్చేది ఫ్లోరైడే. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ పథకం పైలాన్‌ను 2015 జూన్ 8న ఆవిష్కరించింది ఈ ఊళ్లోనే. మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు నీళ్లలో ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము దాటకూడదు. వేరే నీళ్లు దొరకని చోట 1.5 వరకు అనుమతి. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌ను బయటికి పంపేవి ప్రధానంగా కిడ్నీలే కాబట్టి, అవి దెబ్బతిన్నవాళ్లలో అది ఎక్కువగా నిలిచిపోతుంది. పరీక్ష చేయించని బోరునీళ్లను తాగడానికే కాదు, వంటకూ వాడొద్దు. కాచినా ఫ్లోరైడ్ పోదు.

నీళ్ల కంటే నాకు భయమేసేది కొబ్బరి బొండం గురించి. రోగిని చూడవచ్చే చుట్టాలు ప్రేమగా తెచ్చేది అదే. 100 మి.లీ. కొబ్బరి నీళ్లలో పొటాషియం సుమారు 250 మి.గ్రా. ఉంటుంది. 300 మి.లీ. బొండం తాగితే 750. రక్తంలో పొటాషియం పెరిగినవాళ్లకు తిండీ తాగుడూ కలిపి రోజుకు దాదాపు 2000 మి.గ్రా. లోపే ఉండాలని చెబుతుంటారు. అంటే ఒక్క బొండంతోనే మూడో వంతు దాటిపోతుంది. రక్తంలో పొటాషియం మామూలుగా లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీ ఈక్వివలెంట్ల (mEq) వరకు ఉండాలి. 6 దాటితే గుండె లయ తప్పే ప్రమాదం ఉంది, అదీ చాలాసార్లు ముందు ఏ లక్షణమూ లేకుండానే.

నల్లగొండ బత్తాయికి పేరున్న జిల్లా. అయినా పళ్లరసం గ్లాసుల కొద్దీ తాగడం కిడ్నీ రోగులకు పనికిరాదు. నారింజ రసంలోనూ 100 మి.లీ.కి 200 మి.గ్రా. దాకా పొటాషియం ఉంటుంది. నిమ్మకాయ నయం. ఒక కాయ పిండితే వచ్చేది 30 మి.లీ. రసం, అందులో పొటాషియం 30 మి.గ్రా.కు అటూ ఇటూ. కాకపోతే ఉప్పు వేయకుండా తాగాలి. 5 గ్రాముల ఉప్పులోనే 2000 మి.గ్రా. సోడియం ఉంటుంది, రోజంతటికీ హద్దు అదే. మజ్జిగకూ ఇదే లెక్క. 'లో సోడియం' ఉప్పు ఇంకా ప్రమాదం, అందులో సోడియం బదులు కలిపేది పొటాషియాన్నే. నల్లటి కోలాల్లో కలిపే ఫాస్ఫారిక్ ఆమ్లం నుంచి వచ్చే ఫాస్ఫరస్ దాదాపు అంతా రక్తంలో కలుస్తుంది. వాటిని పూర్తిగా మానేయడమే మంచిది.

ఇక ఎంత తాగాలి? జబ్బు తొలి దశల్లో, వాపులు లేకపోతే, చాలామందికి నీళ్లు తగ్గించాల్సిన పనే ఉండదు. దాహం చంపుకోవడం తప్పు, కిడ్నీలు కడుగుతాయని బిందెడు తాగడమూ తప్పే. డయాలసిస్‌లో ఉన్నవాళ్ల లెక్క వేరు. సాధారణంగా నిన్నటి మూత్రానికి 500 మి.లీ. కలుపుతారు. మూత్రం 300 వస్తే తాగాల్సింది 800, చాయ్, చారు, మజ్జిగ అన్నీ అందులోనే. లీటరు నీళ్లు ఒంట్లో నిలిస్తే బరువు కిలో పెరుగుతుంది, అందుకే రోజూ పొద్దున్నే తూకం చూసుకోవాలి.

ఈసారి ఆసుపత్రికి వెళ్లినప్పుడు చివరి పొటాషియం రిపోర్టు వెంట తీసుకెళ్లండి. రోజుకు ఎన్ని మి.లీ. తాగాలో డాక్టరుగారితో చీటీ మీద అంకెల్లో రాయించుకుని, ఆ చీటీని ఇంట్లో వంట చేసేవాళ్లకు చూపించండి.